మూత లేని బిస్కెట్ల జాడీ

టీచరమ్మకు పాత జాడీల సంగతి తెలుసని బాన్సువాడలో ఎవరు పుట్టించారో గానీ, ఈమధ్య ఎవరో ఒకరు సంచిలో జాడీ పెట్టుకొని మా గుమ్మం తొక్కుతున్నారు. ఇది అసలుదేనా, ఎంత చేస్తుంది అని అడుగుతారు. నాకు తెలిసింది చెబుతాను. బోర్లించి అడుగు చూడండి, పూత తగలని అంచు వేలికి గరుకుగా తగలాలి. ఏళ్లు గడిచిన జాడీకి ఆ అంచు అరిగి, మట్టిరంగు పట్టి ఉంటుంది. తెల్లగా మెరిసిపోతుంటే నిన్నమొన్నటిది. వేలి కణుపుతో తట్టండి, ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు, బొద్దుమంటే ఎక్కడో పగులున్నట్టు. మూత దాని సొంత మూతేనా, ఎక్కడిదో తెచ్చి కప్పారా చూడండి. ఇంతవరకు చెప్పి చాయ్ తాగి వెళ్లమంటాను.

చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. జాడీకి ధర కట్టేది దాన్ని కావాలనుకునేవాళ్ల నోరు. ఆ నోరు ఇవాళ మన్నంటుంది, రేపు మాణిక్యమంటుంది. ఇది నాకు మా పెద్దమ్మ నేర్పింది. ఇన్నేళ్లయినా ఆమెను తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. పోయినవాళ్లను అనకూడదంటారు. అనిపించుకునే పనులు చేయకుండా పోయి ఉంటే నేనూ అనకపోదును.

జాడీ మా అమ్మది. అమ్మకు వాళ్లమ్మ ఇచ్చింది. డ్యాం దగ్గర ఇంజనీర్ల బంగళాలు ఉన్న రోజుల్లో అమ్మమ్మ ఆ బంగళాల్లో ఒకదానికి పాలు పోసేదట. అందులో ఉండే దొరసాని తన దేశం వెళ్లిపోతూ సామానంతా తలా ఒకటి పంచిపెట్టి, పాలు పోసే మా అమ్మమ్మ చేతిలో దీన్ని పెట్టింది. బిస్కెట్లు మెత్తబడకుండా దాచుకునే జాడీ. గుండ్రటి పొట్ట, కురచ మెడ, మీగడ రంగు, చుట్టూ నీలి తీగ, అంచుకు సన్నటి బంగారు గీత. మూత మీద పట్టుకోవడానికి ఒక పిట్ట, దాని ముక్కు కొంచెం విరిగి ఉండేది. అమ్మమ్మ బతుకులో బిస్కెట్ ఎప్పుడు చూసింది గనుక, అందులో ఉప్పు పోసుకుంది. అమ్మ కాపురానికి తెచ్చుకున్నాక దాన్ని మళ్లీ బిస్కెట్ల జాడీ చేసింది.

మా బాపు చెరుకు బండ్లు తోలుకొని పోయినప్పుడో, అంగడికి పోయినప్పుడో బస్టాండు దగ్గరి బేకరీలో ఉప్పు బిస్కెట్లు పొట్లం కట్టించుకొచ్చేవాడు. అమ్మ వాటిని జాడీలో సర్ది మూత పెట్టేది. ఆ మూత తీస్తే పింగాణీ మీద పింగాణీ తగిలి కిణుక్కుమనేది. దొంగతనంగా తీద్దామంటే కుదరదు, వాకిట్లో ఉన్న అమ్మకు వినపడేది. బిస్కెట్లు పంచడంలో అమ్మది ఒకటే పద్ధతి. ఇంటికి ఏడుస్తూ వచ్చిన వాళ్లకు ఒక బిస్కెట్. ఎందుకు ఏడ్చావని అడగదు, ముందు చేతిలో బిస్కెట్ పెడుతుంది. ఈ సంగతి వాడకట్టంతా తెలిసిపోయి పిల్లలు మా గుమ్మం ముందుకొచ్చి దొంగేడుపులు ఏడ్చేవాళ్లు. ఒకసారి బాపు వడ్ల ధర పడిపోయిందని మొహం వేలాడేసుకొని వస్తే, ఆయన చేతిలో కూడా ఒకటి పెట్టింది. బాపు నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. నాకు ఆ జాడీ గుర్తొస్తే ముందు గుర్తొచ్చేది ఆ నవ్వే.

అరవై తొమ్మిదిలో, ఉద్యమం అని బడులు బందుపెట్టిన ఏడు, బాపు పోయాడు. జ్వరం అన్నారు, నిజామాబాదు దవాఖానకు తీసుకుపోయారు, జీపులో తిరిగి తెచ్చారు. నేను ఒక్కతే సంతానం. అన్నలు, తమ్ముళ్లు లేరు. కర్మ మా పెద్దనాయిన చేశాడు. ఆయన బాపుకు అన్న. ఆయన భార్యే మా పెద్దమ్మ. అప్పటికి రెండిళ్లు వేరు, రెండు పొయ్యిలు వేరు, వాకిలి ఒకటే.

పదకొండో దినం నాడు ఇల్లు శుద్ధి చేస్తారు. మైలపడ్డ ఇంట్లో మట్టితో చేసినవేవీ ఉండకూడదు. ఇత్తడి, రాగి చింతపండు పెట్టి తోముకుంటే సరిపోతుంది. కుండలు, గురుగులు, నీళ్ల కాగులు మాత్రం కాలువ గట్టుకు తీసుకుపోయి పగలగొట్టాలి. పగలగొట్టకుండా వదిలేస్తే పోయిన మనిషి ఆ కుండ కోసం తిరిగొస్తాడని మా నాయినమ్మ అనేది. అందుకని ఆ పొద్దున ఇంట్లోని మట్టి సామానంతా వాకిట్లోకి వస్తోంది. పెద్దమ్మ ముందుండి పెట్టిస్తోంది. అమ్మ లోపల మూలన కూర్చొని ఉంది. ఆ రోజు ఆమె నోరెత్తడానికి లేదు, ఎత్తినా ఎవరూ వినరు.

పెద్దమ్మ వంటింటి గూట్లోంచి జాడీని కిందికి దించింది.

"గిది గూడ మన్నుదే గద. బయట వెట్టుండ్రి" అంది.

కాలువ అవతల క్యాంపు నుంచి ఒకావిడ పరామర్శకు వచ్చి ఉంది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కున్న కుటుంబం వాళ్లది. అమ్మకు ఆమె మంచి స్నేహితురాలు. ఆమె ఊరుకోలేకపోయింది. "అదేంటండీ, పింగాణీ జాడీలు కూడా పారేస్తారా? మా వైపు పసుపునీళ్లతో కడిగి వాడేసుకుంటామండీ" అంది.

"మీ దిక్కు మీరెట్లన్న జేసుకోండ్రి. మా దిక్కు గట్ల నడువది" అంది పెద్దమ్మ. ఆ ఏడు అసలే ఆ దిక్కు, ఈ దిక్కు అనే మాటకు పదును ఎక్కువ. పాపం, ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చుంది.

పెద్దనాయిన అరుగు మీద నుంచే తీర్పు చెప్పాడు. "గింత లొల్లేంది? మన్నుతోటి జేసిందా, కాదా? గది చెప్పుండ్రి."

"మన్నుతోటే జేస్తరు గని..." అని ఎవరో నసిగారు.

"మన్నైతె ఇగ మాటేంది" అన్నాడు పెద్దనాయిన. కర్మ చేయించే అయ్యగారి వైపు చూస్తే, ఇంటి పెద్దలు ఎట్లంటే అట్లేనని ఆయన దర్భలు సర్దుకున్నాడు. పెద్దలట. ఇంటి మనిషి మూలన కూర్చొని ఉంటే ఆమెను అడిగే దిక్కు లేదు గానీ, ఇంటి పెద్దలట. ఆ పూట అక్కడున్న మగవాళ్లలో ఒక్కడికైనా, "ఆమెకు తల్లి ఇచ్చిన వస్తువు, ఉండనీయండి" అనడానికి నోరు రాలేదు. అంటే వాళ్ల సొమ్మేం పోయేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నేను లేచి జాడీని కావలించుకున్నాను. పెద్దమ్మ గుంజింది. నేను గట్టిగా పట్టుకున్నాను. ఆమె ఇంకా గట్టిగా గుంజింది. జాడీ ఆమె చేతుల్లోకి పోయింది, మూత నా చేతిలో మిగిలింది. నా ఏడుపులో, ఆ హడావుడిలో మూత సంగతి ఎవరికీ పట్టలేదు. లంగా కుచ్చిళ్లలో దాచుకొని పరుగెత్తి వడ్ల గుమ్మిలో పాతిపెట్టాను.

కాలువ గట్టు మా ఇంటికి దగ్గరే. గుమ్మి పక్కనే కూర్చొని చెవులు రిక్కించి విన్నాను. కుండలు ఒక్కొక్కటి పగులుతున్నాయి. కుండ పగిలితే టప్పుమని ముద్దగా వినిపిస్తుంది. పింగాణీ పగిలితే చప్పుడే వేరు, సన్నగా చెదిరి మోగుతుంది. అంతకు ముందు చాయ్ కప్పు పగలగొట్టి దెబ్బలు తిన్న నాకు ఆ తేడా బాగా తెలుసు. అన్ని కుండలూ పగిలాయి, అందరూ కాళ్లు కడుక్కొని వచ్చారు. ఆ సన్నటి చప్పుడు మాత్రం రాలేదు.

జనం వెళ్లిపోయాక అమ్మ దగ్గరికి పోయి చెప్పాను. "అమ్మా, జాడిని పలగగొట్టలే. నేను ఇన్న."

అమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "సప్పుడు జెయ్యకు బిడ్డ. ఇగ మనకు ఆల్లే దిక్కు" అంది. నిజమే, మా పొలం దున్నాల్సింది పెద్దనాయినే, మాకు గింజలు కొలిచి పోయాల్సిందీ ఆయనే. అందుకని నోరు మూసుకున్నాం. నోట్లో నాలుక లేని మనిషని అమ్మకు పేరొచ్చింది. నాలుక లేక కాదు, గుమ్మిలో గింజలు కావాలి గనుక.

ఎండాకాలం వచ్చేసరికి గుమ్మిలో వడ్లు అడుగంటి మూత బయటపడింది. అమ్మ దాన్ని కొంగుతో తుడిచి, బాపు తలరుమాలులో చుట్టి సందుగలో పెట్టింది. ఏడుస్తూ వచ్చిన పిల్లలకు మా ఇంట్లో బిస్కెట్లు ఇవ్వడం అప్పటికే ఆగిపోయింది. పిల్లలూ రావడం మానేశారు.

మరి కొన్నేళ్లకు మా నాయినమ్మ పోయింది. పెద్దనాయిన ఇంట్లోనే పోయింది, కాబట్టి మైల వాళ్లింటిది. సరిగ్గా మామిడికాయ తొక్కు పెట్టి నెల తిరగని రోజులు. పెద్దమ్మ ఇంట్లో జాడీలు వరుసగా, మూతికి గుడ్డలు కట్టించుకొని, ఏడాదికి సరిపడా తొక్కుతో నిండుగా ఉన్నాయి. పదకొండో దినం వచ్చింది. కుండలు వాకిట్లోకి వచ్చాయి. జాడీల దగ్గరికి వచ్చేసరికి పెద్దమ్మ గొంతు సవరించుకుంది.

"పింగాణి మన్నెట్లయితది? దాన్ని గాజు లెక్క గాలుస్తరు. పసుపునీళ్లతోటి పైన కడిగితె సాలు" అంది.

అదే అరుగు, అదే పెద్దనాయిన, అదే అయ్యగారు. అందరూ తలకాయలు ఊపారు. క్యాంపు ఆవిడ చెప్పిన పసుపునీళ్ల మాటను పెద్దమ్మ అక్షరం పొల్లుపోకుండా ఒప్పజెప్పింది. అత్త పగలగొట్టింది అడుగోటి కుండ, కోడలు పగలగొట్టింది కొత్త కుండ అని ఊరికే అనలేదు. అప్పటికి నాకు పదహారో పదిహేడో. ఆగలేకపోయాను.

"మరి మా జాడి మన్నెట్లయింది పెద్దమ్మా?" అన్నాను.

"పెద్దోళ్లు మాట్లాడంగ నడుమ నీకేందే" అని కసిరింది. అరుగు మీది వాళ్లు అప్పుడే ఆకాశంలో మబ్బులు వెతకడం మొదలుపెట్టారు.

అంతటితో ఆగి ఉంటే నేను ఈ కథ ఇంత మంటతో చెప్పకపోదును. జాడీలు కడిగే పని అమ్మకు అప్పజెప్పారు. చిన్న కోడలు కదా, చేయాలి. వాకిట్లో బండ దగ్గర అమ్మ కూర్చుంది. నేను ఒక్కొక్క జాడీ లోపలి నుంచి మోసుకొచ్చి ఇస్తున్నాను. గోధుమరంగువి, పైన మట్టిరంగు కింద తెల్లరంగువి, అన్నీ తొక్కు జాడీలే. అటక మూలన చివరిది ఒకటి ఉంది, మూతికి స్టీలు పళ్లెం కప్పి ఉంది, లోపల చింతపండు. దాన్ని వెలుగులోకి తెచ్చి చూద్దును గదా, చుట్టూ నీలి తీగ.

అమ్మ చేతులు ఆగిపోయాయి. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది.

"గది మా తమ్ముడు హైదరాబాదు కెళ్లి తెచ్చిండు" అంది, ఎవరూ అడగకుండానే. "మూత బస్సుల పలిగిందట."

"అవునా అక్కా" అంది అమ్మ. అంతే అంది. తన జాడీని తన చేతులతో పసుపునీళ్లు పోసి కడిగింది. నీలి తీగ మీద, బంగారు గీత మీద వేళ్లతో మెల్లగా రుద్దింది. తుడిచి, వాళ్ల జాడీల వరుసలో పెట్టింది. నాకు ఆ బండరాయి ఎత్తి ఆ గుమ్మానికేసి కొట్టాలనిపించింది. దొంగతనం ఒక ఎత్తు, దొంగిలించిన వస్తువును సొంతదారు చేత కడిగించుకోవడం ఒక ఎత్తు. అంత గుండె ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియదు.

ఇంటికొచ్చి అమ్మ మీద విరుచుకుపడ్డాను. మూత సందుగలో ఉందని ఎందుకు చెప్పలేదు, నలుగురిలో మొహం మీద ఎందుకు కొట్టలేదు అని. అమ్మ నా అరుపులన్నీ విని, నన్ను బస్టాండుకు పంపి బిస్కెట్లు తెప్పించింది. స్టీలు గిన్నెలో పోసింది. సందుగ తెరిచి మూత తీసి ఆ గిన్నె మీద పెట్టింది. ఏ గిన్నె మీద పెట్టినా సరిగ్గా కూర్చోలేదు, ఒక పక్కకు ఒరిగేది. అయినా అప్పటి నుంచి ఆ మూత గూట్లో అందరికీ కనపడేటట్టే ఉంది. ముక్కు విరిగిన పిట్ట వంటింట్లోకి వచ్చిన ప్రతి మనిషిని చూసేది. పెద్దమ్మ కూడా ఒకనాడు చల్లకోసం వచ్చి దాన్ని చూసింది. చల్ల తీసుకొని వెళ్లిపోయింది.

ఎనభైలు వచ్చాయి. నేను టీచర్ నౌకరీలో చేరాను, ఇల్లు గడవడానికి ఎవరి గింజలూ అవసరం లేకుండా పోయింది. ఆ రోజుల్లోనే హైదరాబాదు నుంచి ఒక పాత సామాన్ల వ్యాపారి జీపు వేసుకొని మా వైపు తిరిగేవాడు. బిచ్కుంద దిక్కు పాత ఇళ్లలో గోడ గడియారాలు, లాంతర్లు, పింగాణీ సామాను కొంటూ కొంటూ బాన్సువాడ వచ్చాడు. పెద్దమ్మ ఇంట్లో చింతపండు జాడీని చూశాడు. చింతపండు బయట పోయించి, జాడీని బోర్లించి, తట్టి, వేలితో అంచంతా తడిమి, మూతేదని అడిగాడట. మూత ఉంటే ఒక పాడి బర్రె వచ్చేంత ఇస్తానని, లేకపోతే దీన్ని పూలకుండీగా పెట్టుకోమని అన్నాడట.

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది. చల్లకో, నిప్పుకో తప్ప గుమ్మం ఎక్కని మనిషి, చేతిలో బేకరీ బిస్కెట్ల పొట్లంతో వచ్చింది. కూర్చొని అమ్మ మోకాళ్ల నొప్పులు అడిగింది. నా పెండ్లి సంగతి అడిగింది. తర్వాత మెల్లగా గూటి వైపు చూసింది.

"నీ కాడ ఊకెనే ఒక మూతున్నది గదనే. మా జాడికి సరివోతదేమో సూద్దామని" అంది.

"మీ జాడి మూత బస్సుల పలిగింది గదక్కా" అంది అమ్మ.

పెద్దమ్మ పొట్లాన్ని అమ్మ ముందుకు జరిపింది. "వచ్చిన దాంట్ల నీకు సగం ఇస్తనే" అంది చివరికి. అమ్మ పొట్లం విప్పి, ఆమె తెచ్చిన బిస్కెట్లే ఆమెకు పళ్లెంలో పెట్టింది. పెద్దమ్మ తినకుండానే లేచిపోయింది.

సాయంత్రం వ్యాపారే వచ్చాడు. మాటకారి. మూత తిప్పి లోపలి వైపు చూసి, "చూడమ్మా, గీ మూడు సుక్కలు. బొమ్మ ఏసినోడు పెట్టుకున్న గుర్తు. గా జాడి అడుగుల గూడ గిదే గుర్తున్నది. రెండూ ఒక్క చెయ్యి చేసిన పని. గంతకు తగ్గ బొంత" అన్నాడు. వాణ్ని చూస్తే కూడా నాకు మంటే. పెద్దమ్మ ఇంట్లో బర్రె ధర చెప్పినవాడు, మా ఇంటికొచ్చేసరికి పిట్ట ముక్కు విరిగింది, బంగారం గీత పోయింది, ఏదో నువ్వు అడుగుతున్నావని తీసుకుంటున్నాను అన్నట్టు మాట్లాడాడు. మేం అడగనే లేదు.

"మూత ఒక్కటి పెట్టుకొని ఏం జేస్తవమ్మా?" అన్నాడు.

"ఆమె జాడి ఒక్కటి పెట్టుకొని ఏం జేస్తది?" అంది అమ్మ. తర్వాత అతని చేత పెద్దమ్మకు ఒక కబురు పంపింది. "జాడిని గిక్కడికి తెమ్మను. గీ వాకిట్ల నలుగుట్ల నిలవడి, గిది నా చెల్లెది, పింగాణిదని తెల్సి గూడ మన్నని చెప్పి తీస్కపోయిన అని ఒక్క మాటనుమను. ఆ మాటంటె జాడి, మూత రెండు ఆమెకే ఇస్త. నాకు పైస వద్దు."

నేను అమ్మ వైపు నోరు తెరుచుకొని చూశాను. ఇన్నేళ్లు ఆమెకు కావలసింది జాడీ అనుకున్నాను. ఆమెకు కావలసింది ఆ మాట. తనను మూలన కూర్చోబెట్టి, తన నోరు మూసి, తన తల్లి ఇచ్చినదాన్ని మన్ను చేసిన నోటితోనే అది మన్ను కాదనిపించాలని. ఒక్కసారి. వాకిట్లో.

వ్యాపారి వెళ్లి కబురు చెప్పాడు. పెద్దమ్మ రాలేదు. ఆ రోజు రాలేదు, అతను మళ్లీ జీపు వేసుకొని వచ్చినప్పుడూ రాలేదు. చివరికి అతను కూడా విసుగెత్తి రావడం మానేశాడు. ఆలోచించండి, ఒక పాడి బర్రె ఒక పక్కన, ఒక మాట ఒక పక్కన. ఆమె బర్రెనే వదులుకుంది. అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం పట్టని మనిషికి నిజం చెప్పడానికి ఏళ్లు చాలలేదు. అమ్మ మాత్రం కొన్నాళ్లు సాయంత్రం పూట వాకిలి వైపు మొహం పెట్టుకొని కూర్చునేది. ఎవరి కోసమంటే గాలికి కూర్చున్నానేది.

ఆ మాట వినకుండానే ఎనభైల చివర్లో అమ్మ పోయింది.

నేను ఆడపిల్లను గనుక కర్మ పెద్దమ్మ కొడుకు చేశాడు. పదకొండో దినం వచ్చింది. అప్పటికి ఇళ్లలో మట్టి సామాను ఎక్కడిది, మాకున్నది మంచినీళ్ల కుండ ఒకటి, పెరుగు గురిగి ఒకటి. అవి వాకిట్లో పెట్టాను. పెద్దమ్మ కర్ర పట్టుకొని వచ్చి అరుగు మీద కూర్చుంది. ముసలిదైంది, చూపు మందగించింది, కానీ గూట్లో ఉన్నది మాత్రం కనపడింది.

"గా మూత గూడ మన్నుదే గదనే. ఇంట్ల ఉంచద్దు. ఇటియ్యి, నేనే కాలువల వడేసి వస్త" అంది.

అదే మాట. అదే వాకిట్లో, అదే దినం నాడు, తల్లి పోయిన అదే పిల్లతో. ఒకసారి పారిన ఎత్తు కదా, రెండోసారి మాత్రం ఎందుకు పారదనుకుంది. క్యాంపు ఆవిడ కూడా వచ్చి ఉంది, జుట్టు నెరిసిపోయింది. ఆమె నా వైపు చూసింది. నాకు లోపల అరికాలి నుంచి నడినెత్తి దాకా కాలిపోతోంది.

గూట్లోంచి మూత తెచ్చాను. పెద్దమ్మ చెయ్యి చాచింది.

"సరిగ సూసి చెప్పు పెద్దమ్మా. గిది మన్నేనా?" అన్నాను.

"మన్నే బిడ్డ. మన్నుగాకుంటె ఇంకేంది."

"అందరు ఇన్నరు గద" అన్నాను అరుగు మీది వాళ్లతో. వాళ్లు విన్నామన్నట్టు తలూపారు. "మన్నైతె పలగాలె. పలగకుంటె మా అమ్మ దాని కోసం మల్ల రావాలె. నా తల్లిని గింత దానికోసం మల్ల మల్ల నేను తిప్పను."

అమ్మ జాడీలు కడిగిన బండ వాకిట్లోనే ఉంది. రెండు చేతులా మూతను పైకెత్తి ఆ బండకేసి కొట్టాను. అప్పుడు వచ్చింది ఆ చప్పుడు. అరవై తొమ్మిదిలో గుమ్మి పక్కన కూర్చొని నేను వినాలని చూసి, రాని చప్పుడు.

ఎవరూ కదల్లేదు. పెద్దమ్మే లేచింది. కర్ర పక్కన పడేసి, వంగి, తడుముకుంటూ ఆ ముక్కలు ఏరడం మొదలుపెట్టింది. పిట్ట తల ఒకటి, నీలి తీగ ముక్క ఒకటి, కొంగులో వేసుకుంటోంది. కొడుకుకు తల తీసేసినంత పనైంది. "అమ్మా, ఇడిశిపెట్టే. మైల సామాను. మన్ను పెంకులు ఎందుకు నీకు" అన్నాడు.

"మన్నెక్కడిదిరా" అంది పెద్దమ్మ, తలెత్తకుండా. "పింగాణిరా గిది. ఆమె తల్లిగారిది. జోడు నా కాడున్నది."

వాకిట్లో ఉన్నవాళ్లంతా విన్నారు. అరుగు మీది వాళ్లు విన్నారు, క్యాంపు ఆవిడ విన్నది, నేను విన్నాను. ఆ మాట పదకొండు రోజుల ముందు అని ఉంటే అమ్మ కూడా వినేది.